మన గోడలో కాపురమున్న నల్లంచి



ఈసారి గోడపత్రికకు "గుట్టల మీద పాడే పిట్ట గూడు ఎట్ల కట్టుకుంటది" అనే విషయం మీద రాయమని బయోసైన్స్ టీచర్ నాకు చెప్పింది. ముందు లైబ్రరీ పుస్తకం చూసి రాద్దామనుకున్నా. కానీ మన హాస్టల్లోనే అది జరిగింది కదా, చూసింది ఎందుకు రాయొద్దు అనిపించింది. జూన్ నెలలో బాత్‌రూముల వెనక గోడ దగ్గర "పాము, పాము" అని అందరూ ఉరికిన రోజు మీకు గుర్తుండే ఉంటది. ఆ తర్వాత ఏమైందో చాలా మందికి తెలియదు. అందుకే పుస్తకంలో చదివింది, కళ్ళతో చూసింది రెండూ కలిపి రాస్తున్నాను.

1. నల్లంచి అంటే ఏ పిట్ట?

నల్లంచి అనునది ఒక చిన్న పాటల పక్షి. పొడవు 16 నుండి 19 సెంటీమీటర్లు. అంటే మన జామెట్రీ బాక్సులో ఉండే స్కేలు కన్నా కొంచెం ఎక్కువ. అందులో తోకే చాలా ఉంటది.

మగపిట్ట నల్లగా మెరుస్తుంటది. భుజం మీద తెల్లని మచ్చ ఉంటది. కూర్చున్నప్పుడు ఆ తెలుపు కొంచెమే కనిపిస్తది, ఎగిరినప్పుడు బాగా కనిపిస్తది. తోక కింద ఇటుక రంగు ఉంటది. ఆడపిట్ట మట్టి రంగులో ఉంటది. దానికి భుజం మీద తెల్లమచ్చ ఉండదు. తోక కింద ఇటుక రంగు మాత్రం దానికీ ఉంటది. ఉత్తర భారతదేశంలో మగపిట్టకు వీపు గోధుమ రంగులో ఉంటదట, దక్షిణాన నల్లగా ఉంటదట.

దీన్ని గుర్తుపట్టడానికి సులువైన గుర్తు తోక. నల్లంచి తోకను ఎప్పుడూ నిలబెట్టే ఉంచుతది. ఒక్కోసారి వీపు మీదికి వంచుతది. ప్రేయర్‌లో పీ.ఈ.టీ. సార్ "అటెన్షన్" అనగానే మనం నిలబడినట్టు దాని తోక నిలబడుతది.

చాలా మంది దీన్ని చూసి పెద్ద నల్లంచి అనుకుంటారు. రెండూ వేరు. పెద్ద నల్లంచికి పొట్ట తెల్లగా ఉంటది, రెక్కల మీద పొడుగ్గా తెల్లచార ఉంటది. అది చెట్ల తొర్రల్లో ఎక్కువ గూడు పెడుతది. బంగ్లాదేశ్ దేశానికి జాతీయ పక్షి అదే.

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక కోయగూడెం. మా భాషలో పిట్టను పిట్టె అంటాం. మా ఊరు అడవిలో ఉన్నా నల్లంచి దట్టమైన అడవిలో కనిపించేది కాదు. పోడు చేన్ల దగ్గర, ఇండ్ల దగ్గర, రాళ్ళ కుప్పల మీద కనిపించేది. నేను పోచారం వచ్చిన కొత్తలో అన్నీ కొత్తగా ఉండె. భాష కొత్త, అన్నం కొత్త, రాత్రి లైట్లు కొత్త. అప్పుడు మన గ్రౌండు పక్క బండ మీద తోక లేపి ఈ పిట్ట కూర్చుంది. దాన్ని చూసినాక కొంచెం ధైర్యం వచ్చింది.

2. ఈ పిట్టకు గుట్టలు ఎందుకు కావాలి?

మన పోచారం ఉప్పల్ నుండి ఘట్‌కేసర్ పోయే వరంగల్ రోడ్డు వైపు ఉంది. (మెదక్ వైపు ఉన్న పోచారం అభయారణ్యం వేరు. మా అయ్య మొదటిసారి నన్ను చూడ్డానికి వచ్చేటప్పుడు బస్టాండులో ఎవరో ఆ పోచారం బస్సు చూపించారు. చదువు రాదు కాబట్టి బోర్డు చదవలేడు. ఎక్కి, కండక్టర్ చెప్పినాక దిగిపోయాడు.)

ఉప్పల్ నుండి వస్తుంటే నారపల్లి, జోడిమెట్ల దాటేటప్పుడు ఇండ్ల మధ్యలో, ప్లాట్ల మధ్యలో పెద్ద పెద్ద బండలు కనిపిస్తాయి. ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటాయి. ఎవరూ పెట్టలేదు. ఇది గ్రానైటు రాయి. భూమి లోపల కరిగి, చల్లారి గట్టిపడింది. దీని వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని సోషల్ సార్ చెప్పారు. పైనున్న మట్టి కొట్టుకుపోయి, ఎండకు వానకు పగుళ్ళు పెద్దవై, అంచులు అరిగి గుండ్రంగా అయినాయి.

ఆ పగుళ్ళే నల్లంచికి ఇల్లు. అది నేల మీద గెంతుతూ పురుగులు ఏరుకొని తినే పిట్ట. బండ ఎక్కితే చుట్టూ కనిపిస్తది. పగులులో దూరితే గూడు దాగుతది. బండల మధ్య ముళ్ళ పొదలు, ఖాళీ నేల ఉంటే దానికి ఇంకేం అక్కరలేదు.

ఇప్పుడు ఆ బండలు చాలా పోతున్నాయి. ఇండ్ల కోసం, రోడ్ల కోసం పగలగొడుతున్నారు. హైదరాబాదులో బండలను కాపాడాలని 1996లో "సొసైటీ టు సేవ్ రాక్స్" అనే సంఘం పెట్టుకున్నారు. ఇండ్లు కట్టొద్దని నేను అనను. మనం ఉన్న హాస్టలు కూడా బండ పగలగొట్టిన చోటే కట్టి ఉంటారు. కానీ ఒక బండ పోతే దానితో పాటు ఎవరి ఇల్లు పోతుందో తెలుసుకోవాలి కదా.

బండలు లేని చోట నల్లంచి ఏం చేస్తది? గోడ కన్నాల్లో, పాత డబ్బాల్లో, పగిలిన కుండల్లో కూడా గూడు పెడుతది. అట్లనే మన గోడకు వచ్చింది.

3. పాట మరియు అద్దంతో కొట్లాట

పాట పాడేది ముఖ్యంగా మగపిట్ట. గూడు కట్టే కాలంలో ఎక్కువ పాడుతది. తోక కిందికి దించి, ఈకలు పొంగించి, ఇటుక రంగు కనిపించేటట్టు ఆడపిట్ట ముందు అటూ ఇటూ నడుస్తది. పాట అంటే ఆడపిట్టను పిలవడం ఒకటి, "ఇది నా జాగ, ఎవరూ రావొద్దు" అని వేరే మగపిట్టలకు చెప్పడం ఇంకొకటి.

జూన్‌లో లెక్కల సార్ బండి అద్దం మీద రోజూ రెట్టలు ఉంటున్నాయని సార్ మన మీద కోపం చేశారు. ఎనిమిదో తరగతి వాళ్ళు కాకులన్నారు. నేను ఒకరోజు టిఫిన్ గంటలో చూసిన. నల్లంచి మగపిట్ట అద్దం మీద వాలి, లోపల కనిపించే పిట్టను ముక్కుతో పొడుస్తోంది. పక్కకు పోతది, తొంగి చూస్తది, మళ్ళీ వచ్చి పొడుస్తది. అద్దంలో ఉన్నది తానే అని దానికి తెలియదు. వేరే మగపిట్ట తన జాగలోకి వచ్చిందనుకుంటది. గూడు కట్టే రోజుల్లో నల్లంచి ఇట్లనే చేస్తదని పుస్తకంలో కూడా ఉంది. సార్‌కు చెబితే నవ్వి, రెండు అద్దాలకూ పాత సాక్సులు తొడిగారు. ఆ రోజు నుండి కొట్లాట బంద్.

పిట్ట అట్ల పోట్లాడుతుంటే అక్కడెక్కడో దగ్గర్లోనే గూడు ఉందని అర్థం. నేను వెతకడం మొదలుపెట్టింది అప్పుడే.

4. గూడు ఎట్ల కట్టింది?

జూన్ 19న సాయంత్రం బట్టలు ఉతికే బండల దగ్గర ఉన్నాను. మట్టి రంగు ఆడపిట్ట ముక్కులో ఎండుగడ్డి పట్టుకొని వచ్చింది. నేరుగా గోడకు పోలేదు. ముందు తుమ్మ మొక్క మీద వాలింది. తర్వాత నేల మీద గెంతింది. అటు ఇటు చూసి, ఒక్కసారి గోడలో ఇటుక ఊడిపోయిన కన్నంలో దూరింది. బయటికి వచ్చేటప్పుడు ముక్కు ఖాళీ. మగపిట్ట బండ మీద కూర్చొని పాడుతోంది.

మా అవ్వ ఒక మాట చెప్పేది. పిట్ట ముక్కులో ఏదన్నా పట్టుకొని ఆగి ఆగి చూస్తుంటే నువ్వు కూడా ఆగు, కదలకు, అది నువ్వు పోయేదాకా ఇంటికి పోదు అని. మా అవ్వ బడికి పోలేదు. కానీ ఈ మాట పుస్తకంలో ఉన్నట్టే నిజం.

ఆ పిట్ట ఏమేం తెచ్చిందో నేను చూసినంత వరకు రాస్తున్నాను.

మొదట: ఎండుగడ్డి పోచలు, సన్నని వేర్లు. ఇవి అడుగున, చుట్టూ.
తర్వాత: మెత్తని పీచు, తల దువ్వుకుంటే ఊడిన మన వెంట్రుకలు. (వెంట్రుకలు ఉండ చుట్టి పారేయొద్దని వార్డెన్ మేడమ్ చెబితే మనం వినం. పిట్ట మాత్రం ఏరుకుపోయింది.) మేక వెంట్రుకల వంటివి కూడా తెచ్చింది.
చివర: పాము పొర ముక్కలు.

గూడు దొప్ప లాగా లోతుగా ఉంటది. గిజిగాడి గూడు లాగా వేలాడదు, అల్లిక గొప్పగా ఉండదు. గోడే దానికి గోడ, ఇటుకే దానికి పైకప్పు. అందుకే లోపల మెత్తగా పరిస్తే చాలు.

5. పాము అని అరిచిన రోజు

జూన్ 24న ఆరో తరగతి చెల్లెండ్లు ఆ కన్నంలోంచి తెల్లగా పాము కుబుసం వేలాడుతుండడం చూశారు. "పాము" అని అరిచారు. వాచ్‌మెన్ తాత కర్ర తెచ్చాడు. ఎవరో కిరోసిన్ పోయమన్నారు. ఎట్లాగూ ఆ వారం గోడ కన్నాలన్నీ పూడ్చడానికి తాపీమేస్త్రి వస్తున్నాడు. ముందు దాన్నే సిమెంటుతో మూసేద్దాం అన్నారు.

నాకు గుండె దడదడలాడింది. నేను పెద్దగా మాట్లాడను. నా తెలుగుకు మొదట్లో కొందరు నవ్వేవాళ్ళు, అందుకే అలవాటు తప్పింది. అయినా వార్డెన్ మేడమ్ దగ్గరికి పోయి "మేడమ్, అది పాము కాదు, పిట్ట గూడు" అన్నాను.

"పొర కళ్ళ ముందు కనిపిస్తుంటే పిట్ట అంటావేంది? ఏదన్నా జరిగితే మీ అమ్మానాన్నలకు నేనేం చెప్పాలి?" అన్నది మేడమ్.

మేడమ్ కోపం తప్పు కాదు. వానాకాలంలో పాము భయం నిజమే. నేను "ఒక్క అరగంట దూరంగా నిలబడి చూడండి మేడమ్" అని బతిమాలిన. అందరినీ పంపించి మేడమ్, తాత, నేను ఉతికే బండల వెనక నిలబడ్డాం. చాలా సేపు ఏమీ రాలేదు. నాకు ఏడుపు వచ్చేటట్టు ఉండె. అప్పుడు ఆడపిట్ట ముక్కులో వెంట్రుకలు పట్టుకొని తుమ్మ మొక్క మీద వాలింది. ఆగింది. దిగింది. కన్నంలోకి పోయింది. లోపల పాము ఉంటే పిట్ట పోదు కదా.

"గుడ్లు పెట్టిందా?" అని మేడమ్ అడిగింది. ఇంకా పెట్టలేదని చెప్పాను. "అయితే వేరే చోట కట్టుకోదా?" అన్నది. కట్టుకోవచ్చు మేడమ్, కానీ ఐదారు రోజుల కష్టం పోతది, వేరే కన్నాలన్నీ కూడా మూసేస్తున్నారు కదా అన్నాను. మేడమ్ కొంచెం సేపు ఆలోచించింది. తర్వాత ఇట్ల చెప్పింది: మిగతా కన్నాలన్నీ మేస్త్రి పూడుస్తాడు. ఈ ఒక్కటి నెల రోజులు ఉంటది. గోడకు పది అడుగుల దూరంలో సున్నం గీత గీస్తారు, గీత దాటి ఎవరూ పోవొద్దు. చీకటి పడినాక టార్చి లేకుండా ఆ వైపు ఎవరూ రావొద్దు. "బాధ్యత నీది. రోజూ ఏం జరిగిందో నోటుబుక్కులో రాసి నాకు చూపించాలి" అన్నది.

ఇందులో ఉన్న తేదీలన్నీ ఆ నోటుబుక్కులోవే.

మరి పిట్ట పాము పొర ఎందుకు తెస్తది? నల్లంచి గూళ్ళలో పాము పొర తరచుగా ఉంటదని పక్షుల శాస్త్రవేత్తలు ఎప్పుడో రాశారు. పొర తేలికగా, మెత్తగా ఉంటది. ఇంకో ఉపయోగం కూడా ఉంది. అమెరికాలో ఒక రకం తొర్రపిట్ట కూడా గూట్లో పాము పొర పెడుతది. అక్కడి పరిశోధకులు కొన్ని గూటి పెట్టెల్లో పొర పెట్టి, కొన్నింట్లో పెట్టకుండా, అన్నింట్లో గుడ్లు ఉంచి చూశారు. పొర ఉన్న పెట్టెల్లోని గుడ్ల జోలికి ఎగిరే ఉడుతలు రాలేదు. పొర లేని వాటిలో కొన్నింటిని తిన్నాయి. ఇది 2006లో అచ్చయింది. మనం పొరను చూసి ఎట్ల ఉరికినమో ఉడుతలు కూడా అట్లనే ఉరికినాయి అన్నమాట.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. పొరను పిట్ట ఎక్కడో ఏరుకొచ్చింది. అంటే ఎక్కడో ఒక పాము విడిచింది. కాబట్టి ఏ కన్నంలోనూ చెయ్యి పెట్టొద్దు.

6. గుడ్లు, పొదగడం

జూన్ 27న మొదటి గుడ్డు. 28న రెండు. 29న మూడు. నల్లంచి మూడు లేక నాలుగు గుడ్లు పెడుతది. బయోసైన్స్ టీచర్ కర్రకు చిన్న అద్దం ముక్క కట్టి, ఆడపిట్ట మేతకు పోయినప్పుడు చూపించింది. గుడ్డు మీగడ రంగులో, కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు ఉండె. మీద గోధుమ చుక్కలు. గుడ్లన్నీ పెట్టినాక టీచర్ "ఇంక అద్దం వద్దు" అన్నది. మాటిమాటికీ చూస్తే పిట్ట బెదిరి గూడు వదిలేస్తది. మనం నడిచిన దారి చూసి పిల్లి కూడా వస్తది.

పొదిగేది ఆడపిట్ట ఒక్కటే. మగపిట్ట కాపలా ఉంటది, పాడుతది, ఒక్కోసారి ఆడపిట్టకు మేత తెచ్చి పెడుతది. ఆడపిట్ట ఎందుకు మట్టి రంగులో ఉంటదో నాకు అప్పుడు అర్థమైంది. అది గూట్లో కూర్చుంటే ఇటుకకూ దానికీ తేడా తెలియదు.

పొదగడానికి 10 నుండి 12 రోజులు పడుతది. ఆ రోజుల్లో పెద్దవాన కురిసింది. రాత్రి డార్మెటరీలో పడుకొని, నీళ్ళు కన్నంలోకి పోతాయేమోనని నిద్ర పట్టలేదు. పొద్దున పోయి చూస్తే గోడ తడిసింది కానీ కన్నం లోపలి వైపు వాలుగా లేదు, నీళ్ళు పోలేదు. పిట్టకు ఆ సంగతి ముందే తెలిసినట్టుంది.

7. పిల్లలు

జూలై 10న తల్లి గుడ్డుపెంకు ముక్క పట్టుకొని దూరంగా పోయి పడేసింది. లోపల సన్నగా అరుపు వినిపించింది. మూడింట్లో రెండే పగిలినాయి. ఒకటి పగలలేదు.

మేత తేవడం ఇద్దరి పని. తల్లీ తండ్రీ ఇద్దరూ తెచ్చారు. పురుగులు, మిడతలు, సాలీళ్ళు. ఒకసారి చిన్న బల్లిపిల్లను తండ్రి తెచ్చింది. ఒక ఆదివారం పొద్దున గంటసేపు లెక్కపెట్టిన. 14 సార్లు వచ్చినాయి. మెస్ గంట కొట్టకుండానే, లైను లేకుండానే.

పిల్లల రెట్ట తెల్లని సంచి లాగా వస్తది. దాన్ని తల్లిదండ్రులు ముక్కుతో పట్టుకొని దూరంగా పడేస్తాయి. అందువల్ల గూడు వాసన రాదు, శత్రువుకు జాడ తెలియదు.

రాత్రి వరండా లైటు కింద పురుగులు పడుతాయి కదా. చీకటి పడినాక కూడా మగపిట్ట ఆ లైటు కిందికి వచ్చి పురుగులు ఏరుకునేది. స్టడీ అవర్‌లో అది మాకు తోడు.

8. జూలై 17

ఇది రాయాలా వద్దా అనుకున్నా. టీచర్ రాయమన్నది.

పొద్దున ప్రేయర్ గంటకు ముందు జెముడుకాకి గోడ మీద నడుస్తూ వచ్చింది. నల్లంచిలు రెండూ కిర్రు కిర్రుమని అరుస్తూ దాని తల మీదికి దూకినాయి. అయినా అది వంగి కన్నంలో ముక్కు పెట్టి ఒక పిల్లను లాక్కుపోయింది. నేను రాయి తీసుకున్నా. ఉరికేలోపే అది తుమ్మ పొదల్లోకి పోయింది.

నేను చాలా ఏడ్చిన. బయోసైన్స్ టీచర్ వచ్చి "జెముడుకాకికి కూడా పిల్లలుంటాయి" అన్నది. అప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచించిన.

నేను ఏడేండ్లప్పుడు మా ఊళ్ళో ఒక గూట్లోంచి రెండు పిల్లల్ని తీసి, గౌను జేబులో పెట్టుకొని ఇంటికి తెచ్చిన. పెంచుకుందామని. అన్నం మెతుకులు పెట్టిన. రాత్రికి రెండూ చచ్చిపోయినాయి. అవ్వ కొట్టలేదు. "తినేదానికి కొట్టేటోడికి ఒక లెక్క ఉంటది బిడ్డా. ఆడుకునేదానికి తెస్తే లెక్కే లేదు" అన్నది. జెముడుకాకి తినడానికి తీసుకుపోయింది. నేను ఎందుకు తీసుకుపోయినట్టు? ఆ రెండు పిల్లలు ఏ పిట్టవో కూడా నాకు తెలియదు.

మిగిలిన ఒక్క పిల్లకు తల్లిదండ్రులు ఆ సాయంత్రమే మళ్ళీ మేత తెచ్చినాయి.

జూలై 22న ఆ పిల్ల బయటికి వచ్చింది. తోక పొట్టిగా ఉంది, అయినా లేపే ఉంచింది! ఎగరడం సరిగా రాలేదు. గోడ మీది నుండి ఉతికే బండ మీద పడి, అక్కడి నుండి పొదలోకి గెంతింది. వారం రోజులు తల్లిదండ్రులు పొదలోనే మేత పెట్టినాయి. తర్వాత గ్రౌండు అవతలి బండల మీద మూడింటినీ చూసిన.

మేడమ్ ఇచ్చిన నెల రోజుల గడువు రెండు రోజులు ఉండగానే పని అయిపోయింది.

9. ఎత్తు కొండల మీది చుట్టం

నల్లంచికి కొండల్లో ఒక చుట్టం కలదు. దాన్ని ఈలపిట్ట అనవచ్చు. పడమటి కనుమల్లో ఎక్కువ, మన తూర్పు కనుమల్లో కూడా కొన్ని చోట్ల ఉంటది. రెండింటినీ శాస్త్రవేత్తలు ఇప్పుడు ఒకే కుటుంబంలో చేర్చారు. ఈలపిట్ట 25 సెంటీమీటర్లు ఉంటది. నల్లగా ఉండి నుదుటి మీద, భుజాల మీద నీలంగా మెరుస్తది. తెల్లవారకముందే మనిషి ఈల వేసినట్టు పాడుతది. అందుకే ఇంగ్లీషువాళ్ళు దానికి "ఈల వేసే బడిపిల్లగాడు" అని పేరు పెట్టారు. పాట నేర్పితే నేర్చుకుంటదని పూర్వం పంజరాల్లో పెట్టి పెంచేవారట.

దాని గూడు కొండవాగుల పక్కన, రాతి సందుల్లో ఉంటది. వానాకాలంలోనే ఎక్కువగా పెడుతది. రెండు నుండి నాలుగు గుడ్లు, లేత గులాబీ రంగు, మీద మచ్చలు. పొదగడానికి 16, 17 రోజులు. ఇందులో ఒక తేడా గమనించండి. మన నల్లంచిలో తల్లి ఒక్కటే పొదుగుతది. ఈలపిట్టల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ పొదుగుతాయి. అది కూడా ఒక్కోసారి మనుషుల ఇండ్లల్లో గూడు పెడుతది. పాత జాగకే మళ్ళీ వస్తది.

వాగు నీళ్ళుంటేనే ఈలపిట్ట. బండ ఉంటేనే నల్లంచి. ఎవరి జాగ వారికి.

10. గులేరు పట్టిన పిల్లలకు ఒక కథ

సలీం అలీ అనే ఆయన 1896లో పుట్టి 1987లో చనిపోయారు. చిన్నప్పుడు గాలి తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టారు. దాని మెడ కింద పసుపు రంగు మచ్చ ఉంది. ఇది మామూలు పిచ్చుక కాదే అని అనుమానం వచ్చి, ఏ పిట్టో తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకుపోయారు. అక్కడ ఆయనకు పక్షుల మీద ఇష్టం పుట్టింది. తర్వాత ఇండియాలోనే గొప్ప పక్షి శాస్త్రవేత్త అయ్యారు. 1931లో మన హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టింది కూడా ఆయనే. 1941లో భారతదేశ పక్షుల మీద పుస్తకం రాశారు.

అంటే పిట్టను కొట్టిన చెయ్యే పిట్ట గురించి రాసింది. మా తమ్మునికి గులేరు అంటే ప్రాణం. సెలవులకు పోయినప్పుడు వానికి ఈ కథ చెప్పాలి. గులేరు తీసుకుంటే ఏడుస్తడు. అందుకని ఒక నోటుబుక్కు ఇచ్చి, ఊళ్ళో ఎన్ని పిట్టలు చూస్తే అన్ని రాయమంటా. వాడు మూడో తరగతి, రాయడం వచ్చు.

1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లు పగలగొట్టడం, గూళ్ళు కదిలించడం కూడా వేట కిందికే వస్తాయి. కానీ చట్టం భయంతో కాదు, తెలిసి ఆగితే మంచిది.

11. మనం ఏం చేయగలం?

(1) గూడు దొరికితే ఎవరికి పడితే వాళ్ళకు చెప్పకండి. టీచర్‌కు చెప్పండి.
(2) చెయ్యి పెట్టకండి. పిట్ట కోసం, మీ కోసం కూడా.
(3) పొదిగేటప్పుడు దూరం నుండి చూడండి. పిట్ట మేత పట్టుకొని ఆగిందంటే మీరు దగ్గరగా ఉన్నట్టు.
(4) ఎగరలేని పిల్ల నేల మీద కనిపిస్తే ఎత్తుకొని రాకండి. తల్లి దగ్గర్లోనే ఉంటది. పిల్లిని తరమండి, చాలు.
(5) గోడలకు మరమ్మత్తు పని పెట్టే ముందు కన్నాలు ఒకసారి చూడమని పెద్దవాళ్ళను కోరుతున్నాము.

జూలై 30న తాపీమేస్త్రి వచ్చి ఆ కన్నం కూడా పూడ్చాడు. పాము భయం ఉంది కాబట్టి మేడమ్ అనుకున్న ప్రకారమే చేయించింది. నేను అడ్డం చెప్పలేదు. కానీ పూడ్చే ముందు గూడు తీసి టీచర్ సైన్సు రూములో అద్దాల బీరువాలో పెట్టింది. పగలని గుడ్డు అందులోనే ఉంది. పోయి చూడండి. మన వెంట్రుకలు కూడా కనిపిస్తాయి.

వంట ఆయమ్మ ఒక పగిలిన కుండ ఇచ్చింది. వాచ్‌మెన్ తాత, నేను దాన్ని గ్రౌండు అవతల, పిల్లలు పోని చోట, రెండు బండల సందులో బోర్లా పెట్టి రాళ్ళు ఆనించినాం. పగిలిన వైపు ద్వారం. నల్లంచి పాత జాగకు మళ్ళీ వచ్చే అలవాటున్న పిట్ట. పాత జాగ మూసేసినం కాబట్టి పక్కన ఇంకో ఇల్లు చూపించినం. ఇంతవరకు అందులో ఏదీ పెట్టలేదు. మగపిట్ట మాత్రం రోజూ ఆ కుండ మీద కూర్చొని తోక లేపి చూస్తోంది.

మీ ఊళ్ళల్లో ఈ పిట్టను ఏమంటారో, గోండీలో, కొలామీలో, లంబాడీలో, చెంచుల ఇండ్లల్లో ఏం పేరుందో ఈ కాగితం కింద ఖాళీ వదిలిన చోట పెన్సిలుతో రాయండి. మీ అవ్వ, తాత దాని గూడు గురించి ఏం చెప్పారో అది కూడా రాయండి. వచ్చే నెల అన్నీ కలిపి రాస్తాను.

అక్షర దోషములు ఉన్నచో క్షమించగలరు.

ఇట్లు,
మీ నేస్తం,
9వ తరగతి.